ఓపెన్ లైనులో మాస్టారు

మాస్టారి భూస్థాపన రోజున అందరూ ఆయన్ని తెగ పొగిడారు. దేవుడిలాంటి మనిషన్నారు. ఎంతమంది పిల్లలకి సీట్లు ఇప్పించారో లెక్కే లేదన్నారు. పాస్టరు అయ్యగారు బైబిలు మూసి, "చివరి కాలంలో ఆయన మందిరానికి దూరమయ్యారు, అది మనకి బాధే, అయినా ప్రభువు ఆయన కష్టాన్ని మర్చిపోడు" అని గొంతు తగ్గించి చెప్పారు. ఎందుకు దూరమయ్యారో అక్కడున్నవాళ్ళలో సగంమందికి తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. దండ పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది.

పోయినవాళ్ళని పొగడడం మనకి బాగా అలవాటు. బతికుండగా ఇదే పేటలో ఆయన్ని ఏమనేవాళ్ళో నాకు గుర్తుంది. "లైను మాస్టారు" అనేవాళ్ళు. "ఆయన్ని వెంటబెట్టుకెళ్తే అయ్యే పని కూడా అవదు" అనేవాళ్ళు. ఒక ఏడాదైతే ఇంకా పెద్ద మాటలే అన్నారు. అన్నవాళ్ళే ఆ రోజు ముందు వరసలో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఏడవలేదు. దేవుడి సంగతి నాకు తెలియదు కానీ, మాస్టారు మాత్రం మనిషే. మనిషి కాబట్టే నా సీటు పోయింది.

ఆయన పేరు రాయను. రాస్తే ఏ పేరు రాయాలన్న పేచీ వస్తుంది. కంకిపాడు దాటాక కాలవగట్టు మీదుగా వెళ్తే వచ్చే మా పేటలో అందరికీ రెండేసి పేర్లు. బాప్తిస్మం పేరు ఒకటి, బడి పేరు ఒకటి. నేను ఇంట్లో సువార్తని, రిజిస్టర్లో పద్మని. చట్టం అలాంటిది. ఎస్సీ అన్నవాడు క్రైస్తవంలోకి వెళ్తే కాగితం మీద ఎస్సీ కాకుండా పోతాడు, బీసీ-సీ అవుతాడు. ఆ కోటాలో సీట్లు ఉన్నా లేనట్టే. కూలి మారదు, ఇల్లు మారదు, ఊళ్ళో పిలిచే పిలుపు మారదు, కాగితం ఒక్కటే మారుతుంది. అందుకని మేం కాగితాన్ని మార్చుకోలేదు. ఆదివారం ఒకటి, మిగతా వారమంతా ఒకటి. ఊళ్ళో అందరికీ తెలుసు, ఆఫీసుల్లోనూ తెలుసు. తెలిసినా పైకి అనకపోవడమే మర్యాద.

మాస్టారు పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో గొడుగు. మా మండల పరిషత్ బడిలో హెడ్మాస్టరు. మాట కంటే ముందు ఆయన చెయ్యి వచ్చేది. ఎవరినైనా పిలవాలంటే పేరు పెట్టి పిలవరు, చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతారు. రేషను షాపు దగ్గర, బ్యాంకు దగ్గర, ఓట్లేసే చోట, మా వాళ్ళు ఎక్కడైనా ఓ పక్కకి ఒదిగి నిలబడి కనిపిస్తే చాలు, వచ్చి చెయ్యి పట్టి లాగి వరసలో పెట్టేవారు. "ఇక్కడేంటి, గోడకి ఆనుకుని? లైను అక్కడుంది కదా. పద." మా వాళ్ళ చొక్కా చేతులన్నీ ఆయన వల్లే సాగిపోయాయని మా అమ్మ నవ్వేది.

ఊళ్ళో పెళ్ళిళ్ళకి పేటవాళ్ళని పిలిచేవాళ్ళు. అబద్ధం చెప్పకూడదు, అందరినీ పిలిచేవాళ్ళు. కానీ వెళ్ళాల్సింది ఆఖరి బంతికి. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. మాస్టారు మాత్రం మొదటి బంతికే వెళ్ళి, ఆకు ముందు కూర్చుని, నీళ్ళు చిలకరించుకుని, గొడుగు పక్కన పెట్టుకునేవారు. ఒక పెళ్ళిలో ఇంటాయన పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, మీరు లోపలికి రండి, మీకు ప్రత్యేకంగా వడ్డించమన్నాను" అన్నాడట ఎంతో మర్యాదగా. "ప్రత్యేకం వద్దండీ. మామూలుగా చాలు" అన్నారట మాస్టారు. ఆ కథ మాకు ఆయన చాలాసార్లు చెప్పారు. చెప్పినప్పుడల్లా ఆ పప్పు ఎంత బాగుందో కూడా చెప్పేవారు. పప్పు రుచి ప్రతిసారీ పెరిగేది.

బస్సెక్కితే ముందు సీటు. చర్చిలో ముందు చాప. పాడడం మొదలుపెడితే హార్మోనియం వాయించే అబ్బాయి ఆపి కూర్చునేవాడు, ఎందుకంటే ఆయన శ్రుతి ఆయనదే. "ప్రభువుకి వినపడితే చాలు, నీకెందుకురా" అనేవారు. కాలవకి అవతలున్న కేథలిక్కుల గుడిదాకా వినపడేది ఆ గొంతు.

ఆయన అసలు పని వీటిలో ఏదీ కాదు. ఏటా అయిదో తరగతి పిల్లలు ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష రాస్తారు. పాసైతే ఆరో తరగతి నుంచి పది దాకా అక్కడే చదువు, అక్కడే తిండి. ఆ బడిలో సీటంటే మా దగ్గర ఇప్పటికీ పెద్ద మాట. అక్కడ చదివినవాళ్ళు డాక్టర్లయ్యారు, ఆఫీసర్లయ్యారు. మాస్టారు ఆ పరీక్షకి పిల్లల్ని తయారుచేసేవారు. తెల్లారేసరికి బడి వరండా ఊడ్చి ఉండేది. బొమ్మల లెక్కలు, పోలికలు, వరసలో తర్వాత ఏమొస్తుంది అనే ప్రశ్నలు. రబ్బరు వాడనిచ్చేవారు కాదు. "చెరుపుకోవచ్చని తెలిస్తే బుర్ర బద్ధకిస్తది. ఆలోచించి ఒక్కసారే పెట్టు" అనేవారు. తప్పు చేస్తే కొట్టేవారు కాదు, "నీ ఇష్టమమ్మా" అనేవారు. దాని కంటే కొట్టినా బాగుండేది.

పరీక్ష రాయించడంతో అయిపోయేది కాదు ఆయన పని. అసలు పని సీట్లిచ్చే రోజున. ఆ రోజు గురుకులం హాల్లో రెండు టేబుళ్ళు వేస్తారు. ఒకటి ఓపెన్. ర్యాంకు వరసలో ఎవరైనా రావచ్చు, ఏ కులమని అడగరు. రెండోది రిజర్వేషన్. రూలు ప్రకారం మంచి ర్యాంకు వచ్చిన ఎస్సీ పిల్ల ఓపెన్లో సీటు తీసుకుంటే, రిజర్వేషన్ సీటు వెనకున్న ఇంకో పిల్లకి మిగులుతుంది. కానీ మా వాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, ర్యాంకు ఎంత పెద్దదైనా సరే, హాల్లోకి అడుగుపెట్టగానే నేరుగా రెండో టేబులు దగ్గరికి వెళ్ళి నిలబడేవాళ్ళు. ఎవరూ పొమ్మనక్కర్లేదు. కాళ్ళు వాటంతటవే అటు వెళ్ళేవి. అక్కడి వాళ్ళు కూడా ఓపెన్ సీట్లు మిగిలినందుకు సంతోషించి, మర్యాదగా కుర్చీ వేసేవాళ్ళు.

మాస్టారు ఏటా ఆ రోజున సెలవు పెట్టి, గురుకులం గేటు దగ్గర నిలబడేవారు. మా పేట వాళ్ళనే కాదు, ఏ ఊరివాళ్ళనైనా ఆపి ర్యాంకు అడిగి చొక్కా చెయ్యి పట్టుకునేవారు. "ఓపెన్ అంటే తలుపు తీసుందని. తలుపు తీసున్న ఇంట్లోకి దొడ్డిదారిన పోతావేంటయ్యా? నీ పిల్ల ఇటొస్తే అటు ఇంకో పిల్లకి చోటొచ్చుద్ది." కొందరు వినేవాళ్ళు. కొందరు చెయ్యి విదిలించుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళ భయం వాళ్ళది. ఉన్న సీటు కూడా పోతుందేమోనని.

నా ఏడు వచ్చింది.

మా పేట నుంచి ఆ ఏడు ఇద్దరం ఆడపిల్లలం పాసయ్యాం. రత్నకి గొప్ప ర్యాంకు, ఓపెన్లో వచ్చేంత. నాది దాని వెనక. రత్న ఓపెన్లోకి వెళ్తే ఎస్సీ ఆడపిల్లల ఆఖరి సీటు నాది. రత్న రిజర్వేషన్ సీటు తీసుకుంటే నాకు లేదు. మాస్టారు వారం ముందునుంచి రత్న వాళ్ళ నాన్నకి ఇదే చెప్తున్నారు. ఆయన ట్రాక్టరు డ్రైవరు. తల ఊపేవాడు కానీ మనసు కుదిరేది కాదు.

"గొడవవుద్దేమో మాస్టారూ. ఇది ఖాయంగా వచ్చే సీటు గదా."

"అదీ ఖాయమే. నీ కూతురు రాసి తెచ్చుకుంది. సువార్త మొహం చూడు ఒక్కసారి. దానికి కూడా రావాలా వద్దా?"

నా మొహం చూసి ఒప్పుకున్నాడు రత్న వాళ్ళ నాన్న. అంటే ఆ రోజు మాస్టారు ఓపెన్ లైనులో యుద్ధం చేసింది రత్న కోసం కాదు. నాకోసం. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను ఎంత కోపం వచ్చినా ఇది మర్చిపోలేకపోయాను.

హాల్లో రత్ననీ వాళ్ళ నాన్ననీ ఓపెన్ లైనులో నిలబెట్టి, మాస్టారు పక్కనే నిలబడ్డారు. నేనూ మా నాన్నా రెండో లైనులో ఉన్నాం. రెండు టేబుళ్ళకీ మధ్య పెద్ద దూరం లేదు. అక్కడి మాట ఇక్కడ వినపడుతుంది. రత్న వెనక చల్లపల్లి వైపు నుంచి వచ్చిన ఒక గుమాస్తా తన కొడుకుతో ఉన్నాడు. బక్కగా, చెమటలు కక్కుతూ. వాళ్ళబ్బాయి ర్యాంకు ఓపెన్లో సరిగ్గా అంచు మీద ఉంది. రత్న ఇటు రావడంతో ఆ అబ్బాయి సీటు పోతోంది.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి" అన్నాడాయన. "మీకు అక్కడ వేరే టేబులుంది కదండీ. మాకున్నది ఇదొక్కటే."

"మీ అబ్బాయి మీద నాకేం కోపం లేదండీ. మా అమ్మాయి ర్యాంకు ముందుంది, అంతే."

వెనకనుంచి ఎవరో అన్నారు: "అటూ మీవే, ఇటూ మీవేనా? సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చారుగా, దాంతో అటు పొండి."

అప్పుడు మాస్టారు వెనక్కి తిరిగారు. చర్చిలో పాడే గొంతు వచ్చింది ఆయనకి.

"ఈ లైనుకి సర్టిఫికెట్టు అక్కర్లేదండీ! కులం అడగరు, దేవుణ్ణీ అడగరు. మేమంతా ఆదివారమైతే చర్చిలో ఉండేవాళ్ళం. ఆ మాట ఇక్కడ నిలబడి గట్టిగా చెప్పొచ్చు. అదీ ఈ లైను గొప్పతనం. ర్యాంకు చూడండి, చాలు!"

ఆయన మొహం వెలిగిపోతోంది. నౌకరీలో చేరిననాటి నుంచి ఆఫీసువాళ్ళ ముందు మింగుకుంటూ వచ్చిన మాట అది. ఇన్నేళ్ళకి దాన్ని బయటికి అనగలిగే చోటు దొరికింది. నేను చిన్నదాన్ని, నాకు కూడా ఒళ్ళు పులకరించింది. రత్న పేరు ఓపెన్లో రాసుకున్నారు. మాస్టారు నావైపు తిరిగి, నీదే ఇక, అన్నట్టు తలాడించారు.

మా వంతు వచ్చింది. రెండో టేబులు దగ్గరున్న ఇంచార్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా సర్టిఫికెట్టు చూసి, నా నుదురు చూశాడు. నాకు బొట్టు లేదు. మా ఇంట్లో ఎవరికీ ఉండదు.

"మీరు ఆ మాస్టారి ఊరేనా?"

"అవునండీ" అన్నాడు మా నాన్న.

"మేమంతా అన్నారాయన. మీరూ అందులోనేనా? ఆదివారం మీరెక్కడుంటారు?"

మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. బొంకడం ఆయనకి చేతకాదు, ఆ విషయంలో అసలే చేతకాదు. సర్టిఫికెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంచార్జి ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. నేను మా నాన్న చెయ్యి పట్టుకున్నాను.

"యేసయ్యనే నమ్ముకున్నామండీ" అన్నాడు మా నాన్న.

"సంతోషం. అందులో తప్పేం లేదు. కాకపోతే ఇది ఎస్సీ సీటు. ఎంక్వయిరీకి రాస్తాను. అది తేలాక చూద్దాం." తర్వాతి పేరు పిలిచాడు.

మాస్టారు ఒక్క అంగలో వచ్చి, అలవాటు చొప్పున ఇంచార్జి చొక్కా చెయ్యి పట్టుకున్నారు. "అయ్యా, నేనన్నది ఓపెన్ సీటు గురించండీ! ఈ అమ్మాయికీ దానికీ సంబంధం లేదండీ!"

"చెయ్యి తియ్యండి ముందు" అన్నాడాయన, కోపం లేకుండా. "నాకు మీరంటే గౌరవమే. ఇన్నేళ్ళుగా ఎవరినైనా అడిగానా? కానీ ఇంతమందిలో అంత గట్టిగా అన్నాక, విననట్టు ఎలా ఉండమంటారు? రేపు నా మీదకొస్తుంది."

మాస్టారు చెయ్యి తీశారు. ఆ చెయ్యి తర్వాత ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఖాళీగానే ఉంది. ముందు సీట్లలో ఎవరూ లేరు. మాస్టారు వెనక తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చారు. రత్న వాళ్ళ నాన్న కూర్చోమంటే వినపడలేదన్నట్టు ఉండిపోయారు. రత్నకి సంతోషపడాలని ఉంది, నా మొహం చూసి ఆపుకుంది. పటమట దాకా ఆపుకుంది, ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తను నవ్వుకుంది. దాని తప్పేం లేదు.

ఎంక్వయిరీకి మనిషి వచ్చాడు. టీ కొట్టు దగ్గర అడిగాడు, మా గుమ్మం మీది సిలువ చూశాడు, వెళ్ళాడు. అప్పటికే నా సీటు వెనకున్న అమ్మాయికి వెళ్ళిపోయింది. పేట మొత్తం మాస్టారి మీద పడింది. ఇవాళ ఈ పిల్లది పోయింది, రేపు అందరి సర్టిఫికెట్లూ తిరగేస్తే ఏం చేస్తామన్నారు. ఆయన నోరు మన కొంపలు ముంచిందన్నారు. నిజం చెప్పినందుకు కాదట, అందరికీ తెలిసిన నిజాన్ని అందరి ముందూ చెప్పినందుకు.

ఎంక్వయిరీ మనిషి వెళ్ళిన సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా అమ్మ అప్పటికే నాన్న మీద విరుచుకుపడుతోంది. "ఒక్క అబద్ధం! ఒక్క అబద్ధం ఆడితే మీ ప్రభువు క్షమించడా? పక్కన సిలువేసిన దొంగని క్షమించాడంటారే! పిల్ల కోసం ఒక్క మాట మింగలేకపోయారా?"

మాస్టారు అన్నారు, "ఆయన్ని ఏమనకమ్మా. తప్పు నాది."

"మీ తప్పు తెచ్చుకుని నా కూతురేం చేసుకుంటది మాస్టారూ?" అంది మా అమ్మ.

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని అరుగు దిగారు.

ఆ రోజు నుంచి నేను పదో తరగతి అయ్యేదాకా, జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి రాగానే ఆయన దగ్గరికి పంపేవాడు నాన్న. లెక్కలు, ఇంగ్లీషు, అన్నీ ఆయనే చెప్పారు. నేను అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని, అంతకుమించి మాట్లాడేదాన్ని కాదు. నన్ను చూస్తే ఆయన గొంతు తగ్గేది. అది నాకు కసి తీరినట్టుండేది, బాగానే ఉండేది. సీటు పోతే జీవితం పోతుందా అంటారు అందరూ. పోదు. ఇంకో జీవితం వస్తుంది, అంతే. నేను విజయవాడలో ఒక ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. రత్న విశాఖపట్నంలో డాక్టరు. సెలవులకి వచ్చినప్పుడు అది చెప్పేది, ఓపెన్లో వచ్చానంటే హాస్టల్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదని, కోటా అనే పిలిచేవాళ్ళని. అయిదేళ్ళూ అలాగే పిలిచారట. ఆ గుమాస్తా కొడుకు ఏమయ్యాడో నాకు తెలియదు. వాళ్ళింట్లో ఈ కథ ఇంకోలా చెప్పుకుంటూ ఉంటారు. ఆ కథలో రత్న దొంగ. ఆ గుమాస్తా కూడా అబద్ధం చెప్పడం లేదు, ఉన్న సీట్లు అన్నే మరి.

మరుసటి ఏడు మాస్టారు మళ్ళీ గురుకులం గేటు దగ్గర నిలబడ్డారు. పేటవాళ్ళు పిలవలేదు, అయినా వెళ్ళారు. ఈసారి చొక్కా జేబులో స్టిక్కరు బొట్ల అట్ట ఉంది. సీట్లకి వచ్చిన మా పిల్లల్ని ఒక్కొక్కరినే గోడ పక్కకి తీసుకెళ్ళి, నుదుటి మీద బొట్టు అంటించి, బొటనవేలితో నొక్కి, మగపిల్లలైతే కుంకుమతో చిన్న గీత పెట్టి, "ఎవరన్నా అడిగితే బడి పేరే చెప్పు. ఆదివారం సంగతి ఎత్తొద్దు" అని పంపారట. ఓపెన్ లైను గురించి మాట్లాడలేదట. చొక్కా చెయ్యి పట్టి ఎవరినీ లాగలేదట. చూసినవాళ్ళు వచ్చి చెప్తే, మా నాన్న అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు.

తర్వాత మాస్టారు చర్చికి రావడం మానేశారు. అయ్యగారు ఇంటికెళ్ళి అడిగితే, "పిల్లల్ని పరీక్షకి పంపేవాణ్ణి, నేను అక్కడ కనపడకూడదండీ. నన్ను చూసి వాళ్ళని పట్టుకుంటారు" అన్నారట. ప్రతి ఆదివారం, పాటలు మొదలయ్యే వేళకి, ఆయన కాలవగట్టు మీద గొడుగేసుకుని అటూ ఇటూ నడిచేవారు. పెదవులు కదిలేవని చెప్పేవాళ్ళు. గొంతు మాత్రం రాదు. హార్మోనియం అబ్బాయి హాయిగా వాయించుకున్నాడు. ఇక ఆ సంఘమే ఆయన మందిరానికి దూరమయ్యారని సమాధి దగ్గర బాధపడింది. సీట్లు మాత్రం ఆ బొట్లతోనే తెచ్చుకుంది.

నేనూ ఆఫీసుకి బొట్టు పెట్టుకునే వెళ్తాను. ఎవరినీ అనే హక్కు నాకు లేదు. కానీ నా కూతురి విషయంలో మాత్రం ఒకటి అనుకున్నాను. ఆ మధ్య అది కూడా అదే పరీక్ష రాసింది. పటమటలో మా ఫ్లాట్ల పైఅంతస్తు ఆంటీ, వాళ్ళ మనవడికి సీటు అనుమానమని తెలిసిన రోజున, నా ముందే, "వాళ్ళకైతే ఊరికే వచ్చేస్తాయమ్మా, మన పిల్లలే చదివి చావాలి" అంది. మన అంది. నా పేరు చూసి, నుదురు చూసి అంది. "అవునండీ" అని లోపలికొచ్చి తలుపేసుకున్నాను. మా అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. నిస్సందేహంగా ఓపెన్. సీట్లిచ్చే రోజున కావాలనే దానికీ బొట్టు పెట్టలేదు, నేనూ పెట్టుకోలేదు. ఆ హాల్లో, ఆ టేబులు ముందు, నా కూతురు ఉత్త నుదురుతో నిలబడాలి. నాకు కావలసింది ఆ సీటు కంటే అదే.

గేటు దగ్గర మాస్టారు ఉన్నారు. రిటైరై ఎన్నాళ్ళో అయింది. చొక్కా వదులైపోయింది, చెవులు సరిగ్గా వినపడడం లేదు. ఎవరు చెప్పారో, కంకిపాడు నుంచి బస్సెక్కి ఒక్కరే వచ్చారు. నన్ను చూడగానే దగ్గరికొచ్చారు. "నీ కూతురా? నీ పోలికే వచ్చింది" అన్నారు. మా అమ్మాయి వంగి దణ్ణం పెట్టింది. ఆయన జేబులోంచి అట్ట తీసి, గోళ్ళతో ఒక చిన్న ఎర్ర బొట్టు లాగుతున్నారు. అది ఎంతకీ ఊడి రావడం లేదు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "వద్దు మాస్టారూ. దీనిది ఓపెన్."

"ఓపెనేనమ్మా. విన్నాను."

"ఓపెన్లో కులం అడగరు, దేవుణ్ణీ అడగరు మాస్టారూ." గట్టిగానే అన్నాను. చుట్టుపక్కల వాళ్ళు చూశారు. ఇన్నేళ్ళూ ఆయన మీద దాచుకున్నదంతా ఆ మాటలో ఉంది, ఆయనకి తగలాలనే అన్నాను.

ఆయన భయంగా చుట్టూ చూశారు. నా చేతిమీద తట్టి, "మెల్లగామ్మా, మెల్లగా" అన్నారు. "అడగరు. నాకు తెలీదా? అయినా పెట్టుకోనీ. మనం ఒకటి అనుకుంటాం, వాళ్ళు ఒకటి వింటారు. పెట్టుకుంటే పోయేదేముంది, చెప్పు."

ఆ కళ్ళలోకి చూశాక నా చెయ్యి నిలవలేదు. వదిలేశాను. ఆయన మా అమ్మాయి నుదుటి మీద బొట్టు అంటించి, బొటనవేలితో నొక్కి, కాస్త వెనక్కి జరిగి సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకున్నారు.

లోపల ఏమీ జరగలేదు. ఓపెన్ టేబులు దగ్గర ఒక కుర్రాడు తలెత్తకుండా ర్యాంకు చూశాడు, పేరు రాసుకున్నాడు, తర్వాతివాళ్ళని రమ్మన్నాడు. దాని మొహం కేసి కూడా చూడలేదు. బొట్టుందో లేదో, కళ్ళున్నాయో లేదో కూడా అతనికి తెలియదు.

మా అమ్మాయి పరుగెత్తుకుంటూ బయటికొచ్చి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "తాతగారూ, ఓపెన్లోనే ఇచ్చేశారు! ఎవరూ ఏమీ అడగలేదు!"

"చూశావా అమ్మా, పెట్టుకోబట్టే" అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నిజంగానే సంతోషంగా ఉంది.